మీకు తెలుసా? ఒకరు పోయినా ఆగని జంట సంతకం

తిరుపతి వేంకట కవుల పేరుతో వెలువడిన రచనలు వందకు అటూ ఇటూగా ఉంటాయి. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1919), చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి (1870–1950) కవిత్వంలో తమను ఓడిస్తే మీసాలు తీసేస్తామని పండితలోకానికి సవాలు విసిరిన ఘటికులు. ఇంత రాశిని తొందరపాటు అనేయడం తేలిక. నిజానికి అది అవధానం పెట్టిన అలవాటు. శతావధానంలో వందమంది పృచ్ఛకులకు (ప్రశ్నలు అడిగేవారికి) విడతలుగా పాదాలు చెబుతూ పోయి, చివర పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. సభలో నిలబడి అలా అల్లేవాళ్లకు కాగితం మీద నాటకం ఏపాటి బరువు?

రాశి ఉన్నంతగా వాసి లేదన్న ఆక్షేపణ ఉంది. ‘బుద్ధచరిత్ర’, ‘దేవీభాగవతం’ ఇవాళ చదివేవారు తక్కువే. ‘గీరతం’లోని కవుల కయ్యాలు సాహిత్య చరిత్రకారులకే రుచిస్తాయి (రుచి మాత్రం ఘాటైనదే). కానీ ‘పాండవోద్యోగ విజయాలు’ నాటకాల పద్యాలు ఆ అవధాన ధార లేకుండా పుట్టేవి కావు. వినగానే తెలిసే మాట, నోటికి పట్టే నడక సభల్లో సానపట్టినవే. అందుకే అవి చదువురానివారికీ కంఠస్థమయ్యాయి. రంగస్థలం, గ్రామఫోను రికార్డులు దాటి 1977లో ‘దాన వీర శూర కర్ణ’ సినిమా దాకా వచ్చాయి. మరి 1919లో తిరుపతి శాస్త్రి పోయిన తర్వాతివి జంట రచనలేనా? కలం ఒక్కరిదే, కాదనలేం. అయితే ఆ కలానికి నడక నేర్పింది ఇద్దరి సాధన. వేంకట శాస్త్రి మరో ముప్పై ఏళ్లు జంట పేరుతోనే రాశారు. 1949లో మద్రాసు ప్రభుత్వ ఆస్థానకవి పదవి మాత్రం ఆయన ఒక్కరికే దక్కింది.