క్లచ్ పోయిందా? గేరు బాక్సు దించే ముందు పది నిమిషాలు చూడండి!

జగ్గయ్యపేట, నందిగామ: పెళ్లిళ్ల రోజుల్లో, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లలో ఈ మెట్ట ప్రాంతంలో కారుకు తీరిక ఉండదు. అయిదుగురు ఎక్కాల్సిన బండిలో ఎనిమిది మంది ఎక్కుతారు. సరిగ్గా అప్పుడే క్లచ్ మొరాయిస్తుంది. ఇంజను హోరెత్తుతుంది, బండి మాత్రం కదలదు.

వెంటనే 'క్లచ్ ప్లేటు పోయింది' అనేస్తారు. ప్లేటు మార్చాలంటే చాలా బండ్లకు గేరు బాక్సు దించాలి. సామాను ఖర్చు ఒక ఎత్తు, కూలి మరో ఎత్తు. తీరా చూస్తే తప్పు ప్లేటులో లేకపోవచ్చు. వైరు బిగింపులోనో, ఆయిలు డబ్బాలోనో ఉండవచ్చు. అందుకే ముందు పరీక్ష, తర్వాత రిపేరు.

ఇంజను చివర ఫ్లైవీల్ అనే బరువైన ఇనుప చక్రం తిరుగుతుంది. దానికీ ప్రెషర్ ప్లేటుకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. స్ప్రింగు బలానికి ఈ మూడూ అతుక్కుని ఉంటేనే ఇంజను బలం గేరు బాక్సుకు చేరుతుంది. పెడల్ తొక్కితే పట్టు వదులుతుంది.

జారుతోందా?

యాక్సిలరేటర్ తొక్కితే శబ్దం పెరిగి వేగం పెరగకపోతే, ఎత్తు ఎక్కేటప్పుడు మాడువాసన వస్తే ప్లేటు జారుతున్నట్టు. చదునైన చోట, ముందూ వెనకా మనుషులు లేకుండా చూసి, చక్రాలకు రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగండి. మూడో గేరు వేసి, కొద్దిగా యాక్సిలరేటర్ ఇస్తూ పెడల్ మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోతే పట్టు ఉన్నట్టే. ఆగకుండా తిరుగుతుంటే జారుతోందన్నమాట. ఒక్కసారి చాలు. పదే పదే చేస్తే బాగున్న ప్లేటు కూడా మాడుతుంది.

మారుతి 800 వంటి పాత కార్లలో క్లచ్‌కు వైరు ఉంటుంది. అలాంటి బండిలో పెడల్‌ను చేత్తో నొక్కితే మొదట కొంచెం వదులు ఉండాలి. ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో రాసి ఉంటుంది. వదులు అసలు లేకపోతే ప్లేటు పూర్తిగా అతుక్కోదు. వైరు నట్టు సరిచేస్తే కొన్నిసార్లు పని అయిపోతుంది.

గేరు పడడం లేదా?

గేరు వేస్తుంటే, ముఖ్యంగా రివర్సు వేస్తుంటే కరకరమంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. వైరు బండ్లలో వదులు ఎక్కువైనా, వైరు సాగినా ఇలాగే ఉంటుంది. ఆయిలుతో పనిచేసే క్లచ్ అయితే డబ్బాలో బ్రేక్ ఆయిలు చూడండి. తగ్గితే ఎక్కడో కారుతున్నట్టే. పెడల్ మెత్తగా దిగిపోతే గొట్టంలో గాలి చేరి ఉండవచ్చు. చాలా కార్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఒకటే డబ్బా. కాబట్టి ఆయిలు పోసి ఊరుకోకండి, కారే చోటు పట్టించండి. అందులో ఇంజను ఆయిలు మాత్రం పోయకండి, రబ్బరు వాషర్లు పాడవుతాయి.

చప్పుడు చెప్పే కబురు

పెడల్ తొక్కినప్పుడే కూత వస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలి. న్యూట్రల్‌లో పెడల్ వదిలినప్పుడు వచ్చి, తొక్కగానే ఆగితే తప్పు గేరు బాక్సు బేరింగుది కావచ్చు. బయల్దేరేటప్పుడు బండి వణికితే ప్లేటుకు ఆయిలు అంటి ఉండవచ్చు. ఆ సీలు మార్చకుండా కొత్త ప్లేటు వేస్తే అదీ పాడవుతుంది.

2023 జూలైలోనూ, 2024 సెప్టెంబరులోనూ మునేరు వరద ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదికి వచ్చింది. అలా నీటిలో మునిగిన బండిని రోజుల తరబడి నిలిపితే ప్లేటు తుప్పుపట్టి ఫ్లైవీల్‌కు అంటుకుపోవచ్చు. తోసి స్టార్టు చేయకుండా మెకానిక్‌కు చూపించాలి.

దించాల్సే వస్తే

పాత ప్లేటు చూపించమని అడగండి. రివెట్ల దాకా అరిగిపోతే మార్చక తప్పదు. ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, గీతలు ఉన్నాయేమో చూడమనండి. బాక్సు దించాక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు ఒకేసారి వేయిస్తే మళ్లీ కూలి పడదు.

క్లచ్‌ను కాపాడేది డ్రైవరు కాలే. ఎప్పుడూ పెడల్ మీద కాలు ఆనించకండి. కీసర టోల్‌గేటు వరుసలో హాఫ్ క్లచ్‌తో బండి ఆపి ఉంచకండి. న్యూట్రల్ చేసి బ్రేకు తొక్కండి. ఎత్తు మీద క్లచ్‌తో నిలబెట్టకండి, హ్యాండ్ బ్రేకు వాడండి.

అర్ధరాత్రి ఇంట్లో ఒకరికి ప్రాణం మీదికి వచ్చి విజయవాడ ఆసుపత్రికి బయల్దేరాలనుకోండి. జగ్గయ్యపేట నుంచి దాదాపు 75 కిలోమీటర్లు. ఆ దారిలో బండి ఆగకూడదంటే, మాడువాసన వచ్చిన మొదటి రోజునే చూపించుకోవడం మేలు.