చూపరి చేయి తగిలితే బదులు పలికే కళ: కోనసీమ ఔత్సాహికులకు అందుబాటులో ఉన్న డిజిటల్ సాధనాలు

అమలాపురం: తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క ఒకరితో ఒకరు మాత్రమే మాట్లాడుకోరు. ముందు వరుసలో కూర్చున్నవారు విసిరిన మాటకు తెర వెనుక నుండి అప్పటికప్పుడు బదులు వస్తుంది. సినిమా తెరకు ఆ గుణం లేదు. చూచేవారు ఉన్నా లేకపోయినా అది ఒకే తీరుగా నడిచిపోతుంది. నేడు ఇంటరాక్టివ్ డిజిటల్ కళ అని వ్యవహరింపబడుతున్నది బొమ్మలాటగాని వైపు నిలిచే కళ. బదులు చెప్పే పనిని ఇక్కడ కంప్యూటరుకు అప్పగిస్తారు. ఇది మహానగరాల ప్రదర్శనశాలలకే పరిమితమన్న అభిప్రాయం ప్రబలంగా ఉన్నది. కానీ ఇందుకు కావలసిన సాఫ్ట్‌వేర్‌లో అధిక భాగం ఉచితం. హార్డ్‌వేర్‌లో అధిక భాగం అరచేతిలో ఇమిడేది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల విద్యార్థులకు అవసరమైనది ఏ పరికరం ఏ పని చేస్తుందన్న అవగాహన మాత్రమే.

ఇటువంటి కళాఖండంలో మూడు పనులు జరుగుతాయి: చూపరి కదలికను గ్రహించడం, దానికేమి బదులివ్వాలో నిర్ణయించడం, ఆ బదులును వెలుగుగా, ధ్వనిగా, చిత్రంగా చూపడం. గ్రహించేవి సెన్సార్లు, కెమెరాలు. చూపేవి ఎల్ఈడీ దీపాలు, ప్రొజెక్టర్లు, స్పీకర్లు. నడుమనున్న నిర్ణయం దగ్గరనే కొత్తవారు తికమకపడుతుంటారు.

నిర్ణయించే పరికరాలలో విరివిగా వాడబడుతున్నది ఆర్డుయినో బోర్డు. ఇటలీలోని ఇవ్రియా పట్టణపు డిజైన్ విద్యాసంస్థలో 2005లో ఇది రూపొందినది. ఎలక్ట్రానిక్స్ చదవని కళా విద్యార్థుల కోసమే దీనిని తయారుచేశారన్నది గమనార్హం. దీని సర్క్యూటు నమూనా బహిరంగం గనుక అదే నమూనాపై ఇతరులు చేసిన చవక బోర్డులు కూడా దొరుకుతాయి. 2012లో బ్రిటన్‌లో 35 డాలర్ల ధరకు విడుదలైన రాస్ప్‌బెర్రీ పై ఇందుకు భిన్నమైనది. అది పూర్తి కంప్యూటరు. వీడియోను నడపగలదు, ఇంటర్నెట్‌ను అందుకోగలదు. అయితే కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు దాని మెమరీ కార్డు చెడిపోయే అవకాశమున్నది. ఆర్డుయినోకు ఆ బెడద లేదు. కరెంటు రాగానే మొదటి నుండి తన పని తాను చేసుకుపోతుంది. గాలివానకు కరెంటు పోయే పల్లెలలో ఇది చిన్న విషయం కాదు.

సాఫ్ట్‌వేర్ విషయానికి వస్తే, అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో కేసీ రియాస్, బెన్ ఫ్రై 2001లో ఆరంభించిన ప్రాసెసింగ్ చిత్రకారులకు ప్రోగ్రామింగ్ నేర్పే ఉద్దేశంతో పుట్టినది, ఉచితం. ఆర్డుయినోకు ప్రోగ్రాము రాసే తెర కూడా దాని ఒరవడిలోనే తయారైనది. ధ్వనితో పనిచేయదలచిన వారికి మిల్లర్ పకెట్ రూపొందించిన ప్యూర్ డేటా ఉచితంగా లభిస్తుంది. దానికి దగ్గరి చుట్టమైన మ్యాక్స్‌ను మాత్రం కొనవలసి ఉంటుంది. పెద్ద వేదికల వెలుగు, వీడియో ప్రదర్శనలలో వాడే టచ్‌డిజైనర్‌కు వాణిజ్యేతర ప్రతి ఉచితమే గాని, చిత్ర పరిమాణంపై పరిమితి ఉన్నది. ఇన్నింటిలో మొదటి మెట్టుగా పీ5.జేఎస్‌నే సూచించవలసి ఉన్నది. ఇది బ్రౌజరులో నడుస్తుంది. ప్రత్యేక కంప్యూటరు లేనివారు ఫోనులోనైనా మొదలుపెట్టవచ్చు.

ఇందులో తెలుగువారికి మరొక సౌలభ్యమున్నది. అక్షరాలను ఒక్కొక్కటిగా విడదీసి గీసే సాఫ్ట్‌వేర్లలో తెలుగు ఒత్తులు, గుణింతాలు చెదరిపోతాయి. ‘రాజ్యలక్ష్మి’ అన్న పేరు ముక్కలై కనిపిస్తుంది. బ్రౌజరు అక్షరాలను కూర్చే పనిని తానే చేస్తుంది గనుక పీ5.జేఎస్‌లోని మామూలు పద్ధతిలో ఈ చిక్కు రాదు. ప్రింటింగ్ ప్రెస్సులలో వాడే అను లిపిలో కొట్టిన పాఠాన్ని తెచ్చి అతికిస్తే మాత్రం పిచ్చి గీతలే వస్తాయి. పాఠం యూనికోడ్‌లో ఉండాలి. మండలి, గిడుగు, గురజాడ, సూరన్న వంటి యూనికోడ్ ఖతులు ఉచితంగా లభిస్తున్నవి.

ఈ సాధనాలన్నీ ఒకచోట ఎలా కలుస్తాయో తెలియడానికి గోదావరి వరదనే ఉదాహరణగా తీసుకోవచ్చు. గౌతమీ వసిష్ఠల నడుమనున్న ఈ సీమలో ధవళేశ్వరం గేజీ మట్టం ఎరుగని ఇల్లు అరుదు. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ అవుతాయి. 1986 ఆగస్టులో బ్యారేజీ వద్ద 35.06 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైనది. 2022 జూలైలో మట్టం 20 అడుగులు దాటినది.

మీటరుకు 60 దీపాలున్న ఎల్ఈడీ పట్టీ ఐదు మీటర్ల చుట్టగా దొరుకుతుంది. అంటే 300 దీపాలు. ఒక దీపాన్ని ఒక అంగుళంగా లెక్కించుకుంటే సరిగా 25 అడుగుల గేజీ అవుతుంది! ఈ పట్టీని స్తంభంగా నిలబెడితే 141వ దీపం మొదటి హెచ్చరిక, 165వది రెండవది, 213వది మూడవది. స్తంభం పక్కన నాలుగు లోహపు రేకులు అమర్చాలి. మూడింటిపై మూడు హెచ్చరికలు, నాలుగవదానిపై ‘నేడు’ అని రాయాలి. చూపరి ఒక రేకుపై చేయి ఉంచితే వెలుగు నెమ్మదిగా ఆ మట్టానికి పాకుతుంది. దానితోపాటు, ఆ మట్టానికి తమ లంకలో ఏయే వీధి మునిగినదో, పశువులను ఎక్కడికి తోలుకుపోయినదో ఆ ఊరి పెద్దల గొంతులోనే వినిపిస్తుంది. ‘నేడు’ అన్నదానికి అధికారులు ప్రకటించిన మట్టాన్ని మనిషే నమోదు చేయడం మేలు. నెట్టుపై ఆధారపడితే సరిగా వరద రోజుననే స్తంభం మూగబోవచ్చు.

లెక్కలు కూడా చూడవలసినవే. ఒక్కొక్క దీపానికి మూడు బైట్ల చొప్పున 300 దీపాలకు 900 బైట్లు కావాలి. ఆర్డుయినో ఊనో బోర్డులోని 2 కిలోబైట్ల జ్ఞాపకశక్తికి ఇది సరిపోతుంది. గొంతులకు మెమరీ కార్డు ఉన్న చిన్న ఆడియో బోర్డును వేరుగా జోడించాలి. విద్యుత్తు దగ్గరనే చాలామంది పొరబడతారు. పూర్తి తెల్లని వెలుగులో ఒక్కొక్క దీపం సుమారు 60 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. అన్నీ కలిపి 18 ఆంపియర్లు. దీనిని బోర్డు నుండి లాగితే బోర్డు కాలిపోతుంది. వేరే 5 వోల్టుల సరఫరా పెట్టి, పట్టీకి రెండు చివరలా కరెంటు అందించాలి. ఒక చివరనే ఇస్తే దూరపు దీపాలు ఎర్రబారతాయి. రేకులకు రాగి సులువే గాని అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి చిలుము పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వాడడం ఉత్తమం.

ఈ స్తంభం కళాఖండమే గాని హెచ్చరిక యంత్రం కాదు. గేజీ మట్టం ఇంటి గుమ్మంలోని నీటి లోతు కూడా కాదు. వరద సమయంలో రెవెన్యూ అధికారుల ఆదేశాలే ప్రమాణం. బోర్డులు, దీపాలు ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. గొంతులు అలా కాదు. 1986 వరదనాటికి ముప్పై ఏళ్ళున్నవారు నేడు డెబ్బైకి చేరుకున్నారు. కనుక ఏ విద్యార్థి బృందమైనా ఈ పనిని రికార్డింగుతో ఆరంభించి, సర్క్యూటును చివరకు పెట్టుకోవడం మంచిది.

అమలాపురం దసరా ఉత్సవాలలోని చెడీ తాలింఖానా విన్యాసాలకు మరొక రకం సాధనం సరిపోతుంది. శరీర కదలికను గ్రహించడానికి 2010లో వచ్చిన కినెక్ట్ కెమెరాను కళాకారులు ఏళ్ళ తరబడి వాడారు. దాని తయారీ నిలిచిపోయినది. ఇప్పుడు గూగుల్ వారి మీడియాపైప్ సాయంతో మామూలు వెబ్ కెమెరాయే శరీరంపై 33 బిందువులను గుర్తించగలదు. కర్ర తిప్పే చేతి జాడను తెరపై వెలుగు గీతగా నిలపవచ్చు. కర్ర వేగానికి దృశ్యం మసకబారుతుంది గనుక వెలుతురు బాగా ఉండాలి.

కొత్తపేట వుడయార్ల శిల్పకళకు పేరుపొందినది. విగ్రహపు ఎత్తుపల్లాలకు సరిపోయేలా దృశ్యాన్ని ప్రసరింపజేసే ప్రొజెక్షన్ మ్యాపింగ్‌లో కష్టమంతా ఆ ఉపరితలాన్ని అర్థం చేసుకోవడమే. ఆ విద్య మట్టి నమూనా చేసే చేతులకు ముందే తెలుసు. త్రిమితీయ రూపాలకు ఉపయోగపడే బ్లెండర్ కూడా ఉచితమే.

జగ్గన్నతోట ప్రభల తీర్థం 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్ర శకటంగా నిలిచిన సంగతి తెలిసినదే. ప్రభకు రంగు దీపాలు అతికించినంత మాత్రాన అది ఇంటరాక్టివ్ కళ కాబోదు. చూపరి చేసిన పనికి బదులు లేనిది అలంకరణే. భుజాల మీద చేలు, కాలువ దాటి వచ్చే ప్రభకు ఆ అలంకరణ అవసరమూ లేదు.

నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో 2016 నుండి పాఠశాలలలో నెలకొల్పుతున్న అటల్ టింకరింగ్ ల్యాబ్‌లలో 6 నుండి 12 తరగతుల విద్యార్థులకు ఇటువంటి బోర్డులు, సెన్సార్లు, త్రీడీ ప్రింటరు అందుబాటులో ఉంటాయి. కళాఖండాన్ని పంచాయతీకో గ్రంథాలయానికో అప్పగించేటప్పుడు ప్రోగ్రాము ప్రతిని, ఏ తీగ ఎక్కడికి పోవునో చూపే పటాన్ని, వాడిన భాగాల జాబితాను తెలుగులో రాసి పెట్టెలోపలనే అతికించాలి.