రాణివాసానికి చేరిన విశాఖ దంతపు పని

విశాఖపట్నం: పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖ కళాకారులు తయారుచేసిన కుర్చీలు, సొరుగుల బల్లలు, పెట్టెలు ఇంగ్లండు రాజభవనం వరకూ వెళ్లాయి. వాటిని కొన్నవారి పేర్లు చరిత్రకెక్కాయి. చేసినవారి పేర్లు మాత్రం మరుగున పడ్డాయి.

రేవుతో వచ్చిన గిరాకీ

ఈస్టిండియా కంపెనీ 1682లో ఇక్కడ వర్తక స్థావరాన్ని నెలకొల్పింది. చేరువలోని భీమునిపట్నంలో డచ్చివారు వ్యాపారం సాగించేవారు. కలప సమృద్ధిగా లభించేది. ఏనుగు దంతం సముద్రం మీదుగా బర్మాలోని పెగూ నుంచి దిగుమతి అయ్యేది. ఐరోపా వర్తకులు, అధికారులు తమ దేశపు నమూనాలు చూపించి కంసాలి కళాకారుల చేత సామాను చేయించుకునేవారు. ఆకారం ఐరోపాది, అంచుల వెంట అల్లుకున్న పూలతీగలు మాత్రం ఈ తీరపు అద్దకపు వస్త్రాలను తలపిస్తాయి. 1756లో మేజర్ జాన్ కార్నెయిల్ తన రాతల్లో విశాఖ అద్దకాలతో పాటు ఈ పొదుగుడు పనినీ ప్రశంసించారు.

పని జరిగే తీరు

తొలినాళ్లలో టేకు, రోజ్‌వుడ్ వంటి కలపలో గాడి తొలిచి, అందులో పలుచని దంతపు ముక్కలను అమర్చేవారు. దంతంపై సన్నని గీతలు చెక్కి, వాటిలో నల్లని లక్క నింపేవారు. పైపొరను నునుపు చేయగానే తెల్లని దంతంపై బొమ్మ నల్లగా తేలేది. శతాబ్దపు ద్వితీయార్ధంలో వస్తువు మొత్తాన్ని దంతపు రేకులతో కప్పే పద్ధతి ప్రబలింది. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్‌కు చెందిన ఇటువంటి సామానును 1781లో మూడో జార్జి రాజు రాణి షార్లెట్ కోసం కొనుగోలు చేశారు.

నిలిచిపోయిన దంతపు పని

పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద సామాను తగ్గి గంధపు చెక్క, కొమ్ము, ముళ్లపంది ముళ్లతో చేసిన చిన్న పెట్టెలు ఎక్కువయ్యాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1986లో చేసిన సవరణ భారతీయ ఏనుగు దంతం వ్యాపారాన్ని నిషేధించింది. 1991 సవరణతో ఆఫ్రికా దంతానికీ నిషేధం వర్తించింది. ఏనుగుల రక్షణకు ఇది అనివార్యమైన చర్య. ఆ పాత పనితనాన్ని ఇక ప్రదర్శనశాలల్లోనే చూడవలసి ఉంటుంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇటువంటి వస్తువులు భద్రంగా ఉన్నాయి. కళాకారుల పేర్లు లేకున్నా, ప్రపంచవ్యాప్తంగా ఈ సామానును నేటికీ ‘వైజాగపటం’ పేరుతోనే గుర్తిస్తున్నారు.