చెవికి చిక్కని చప్పుడు

2022 జనవరి 15. సంక్రాంతి రోజు. తిరువూరులో అరిసెలు, ముగ్గులు, కొత్త అల్లుళ్ల సందడి. ఆ రాత్రి ఎనిమిది దాటాక ఊరిమీదుగా పిలవని చుట్టం ఒకటి వెళ్లిపోయింది. ఎవరూ చూడలేదు, ఎవరికీ వినిపించలేదు. అదొక చప్పుడు!

అది పుట్టింది పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దీవుల దగ్గర. మనకు ఉదయం పావు తక్కువ పదవుతుండగా అక్కడ కడలి అడుగున అగ్నిపర్వతం బద్దలైంది. అందులోంచి లేచిన పీడన తరంగం గంటకు వెయ్యి కిలోమీటర్లకు పైగా వేగంతో బయల్దేరింది. తిరువూరుకు ఆ చోటు సుమారు 12 వేల కిలోమీటర్లు. పది, పదకొండు గంటల ప్రయాణమన్నమాట. చెన్నైలో భారమితులు ఆ రాత్రే దాని రాకను పట్టేశాయి. ఆ తరంగం అక్కడితో ఆగలేదు, భూగోళాన్ని కనీసం మూడుసార్లు చుట్టేసింది.

సన్నాయి ఆగినా... డోలు ఆగదు

పక్క ఊళ్లో పెళ్లి జరుగుతుంటే మనదాకా ఏది వస్తుంది? సన్నాయి కాదు, డోలు. కారణం పౌనఃపున్యం. గాలి ధ్వనిని కొంచెం కొంచెంగా మింగేస్తుంటుంది. పౌనఃపున్యం రెట్టింపైతే ఆ మింగుడు సుమారు నాలుగింతలవుతుంది. అందుకే కీచుగొంతు దగ్గర్లోనే ఆగిపోతుంది, బొంగురుగొంతు పొలిమేర దాటుతుంది.

మన చెవికి అందేది సెకనుకు 20 నుంచి 20 వేల కంపనాల వరకే. 20కి తక్కువైతే అవి పరశ్రావ్యాలు. సెకనుకు ఒకే కంపనం ఉన్న ధ్వని అల పొడవు దాదాపు 340 మీటర్లు. దానికి ఇళ్లూ చెట్లూ ఓ లెక్కా! పక్కనుంచి చుట్టుకుని వెళ్లిపోతుంది.

ఆకాశమే పైకప్పు

ధ్వని వేడిగాలిలో వేగంగా, చల్లగాలిలో నెమ్మదిగా పోతుంది. ఎప్పుడూ చల్లటి వైపుకే ఒంగుతుంది. పైకి వెళ్లేకొద్దీ చలి కాబట్టి పగటిపూట చప్పుడు పైకి లేచిపోతుంది. చలికాలం తెల్లవారుజామున నేలదగ్గరి గాలి చల్లబడి, పైగాలి వెచ్చగా ఉంటుంది. అప్పుడు చప్పుడు కిందికే ఒంగుతుంది. ఆ వేళలో పక్క ఊరి గుడి మైకు మన వాకిట్లో మోగినట్టుండేది ఇందుకే.

ఇదే తంతు ఆకాశంలోనూ జరుగుతుంది. ఓజోన్ పొర సూర్యుడి అతినీలలోహిత కిరణాలను పీల్చుకోవడంతో 50 కిలోమీటర్ల ఎత్తున గాలి మళ్లీ వెచ్చబడుతుంది. అక్కడి గాలివాటం కలిసొస్తే పరశ్రావ్యం వెనక్కి ఒంగి, ఎక్కడో 200 కిలోమీటర్ల అవతల నేలకు దిగుతుంది. నేలను తాకి మళ్లీ లేస్తుంది. మధ్యలో ఉన్న ఊళ్లకు మాత్రం ఏమీ వినిపించకపోవచ్చు!

1883 ఆగస్టు 27న ఇండోనేసియాలో క్రకటోవా అగ్నిపర్వతం పేలినప్పుడు 4,800 కిలోమీటర్ల దూరంలోని రోడ్రిగ్స్ దీవిలో ఫిరంగి మోతల్లా వినిపించింది, అదీ నాలుగు గంటల తర్వాత. మన పొరుగునే మరో ఉదాహరణ. 2020 మే 20న బెంగళూరును ఒక్క మోత హడలెత్తించింది. భూకంపమనుకున్నారు జనం. అది ధ్వని వేగాన్ని మించి ఎగిరిన వైమానిక దళ విమానం తాలూకు మోతని రక్షణశాఖ తేల్చింది. ఇలాంటి మోత 65-80 కిలోమీటర్ల దూరానికీ వినిపిస్తుందని వివరించింది.

కాపలా చెవులు

ఈ దూరప్రయాణమే ఇప్పుడు ప్రపంచానికి కాపలా కాస్తోంది. దొంగచాటు అణుపరీక్షలను పసిగట్టేందుకు సీటీబీటీ ఒప్పందం కింద 60 పరశ్రావ్య కేంద్రాల వ్యవస్థకు రూపమిచ్చారు. ఒక్కో కేంద్రానికి చప్పుడు ఎప్పుడు, ఏ దిక్కునుంచి చేరిందో పోల్చి, అది పుట్టిన చోటును లెక్కగడతారు. ఒప్పందంపై మనదేశం సంతకం చేయలేదు.

2013 ఫిబ్రవరి 15న రష్యాలోని చెల్యాబిన్స్క్‌పై ఉల్క పేలినప్పుడు 15 వేల కిలోమీటర్ల అవతల అంటార్కిటికాలోని కేంద్రం కూడా ఆ ధ్వనిని పట్టేసింది. కానీ కింద ఉన్న జనానికి ఆ సంగతి తెలియలేదు. కళ్లు మిరుమిట్లుగొలిపే వెలుగు చూసి, ఏమిటా అని కిటికీల దగ్గరికి పరుగెత్తారు. ఒకట్రెండు నిమిషాలకు పీడన తరంగం వచ్చి పడింది. అద్దాలు భళ్లున పగిలాయి. సుమారు 1,500 మంది గాయపడ్డారు. వాళ్లలో ఎక్కువమందిని కోసింది గాజుపెంకులే.

వెలుగు ముందొస్తుంది, చప్పుడు కిలోమీటరుకు మూడు సెకన్ల చొప్పున వెనకాల నడిచొస్తుంది. దూరాన పెద్ద పేలుడు వెలుగు కనిపిస్తే ఆ కాస్త వ్యవధిలో చేయాల్సిన పని ఒక్కటే... అద్దాల దగ్గర్నుంచి దూరంగా జరగడం.