మీకు తెలుసా? రాజుగారి బొమ్మలు వేసిన చేతుల కథలు

మొగలు, దక్కను, రాజపుత్ర, పహాడీ కొలువుల సూక్ష్మచిత్రాలు గోడకు తగిలించడానికి వేసినవి కావు. పుస్తకంలోనో ఆల్బమ్‌లోనో పెట్టుకుని, చేతిలోకి తీసుకుని చూసుకోవడానికి వేసినవి. అంత దగ్గరగా చూస్తే రాజు ఠీవితో పాటు, ఆ బొమ్మ వేసినవాళ్ల జాడలూ కనబడతాయి. వాటిలో కొన్ని ఇవి.

ఒక బొమ్మకు ముగ్గురు

అక్బరు చిత్రశాలలో బొమ్మ తరచూ ఒక్కరి పని కాదు. కూర్పు తేల్చి గీతలు గీసేది ఒకరు, రంగులు నింపేది మరొకరు. ముఖ్యుల ముఖాలకు మాత్రం, ఆ పనిలో చేయి తిరిగిన మూడో మనిషి కావాలి. ఎవరి వంతు ఏమిటో గుమాస్తా కింది అంచులో చిన్న అక్షరాలతో రాసిపెట్టేవాడు. వారం వారం బొమ్మలన్నీ పాదుషా ముందుకు వెళ్లేవనీ, పనితనాన్ని బట్టి బహుమతులిచ్చి జీతాలు పెంచేవారనీ అక్బరు కొలువు చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాశాడు. అక్బరు కొడుకు జహంగీరు ఇంకో అడుగు ముందుకేశాడు. ఒకే ముఖంలో కన్ను ఒకరూ కనుబొమ్మ మరొకరూ వేసినా, ఏది ఎవరిదో చెప్పగలనని తన ఆత్మకథలో గొప్పగా చెప్పుకున్నాడు.

పల్లకీ బోయీ కొడుకు

దస్వంత్ పల్లకీ మోసేవాళ్ల ఇంట పుట్టాడు. గోడల మీద బొమ్మలు గీస్తుంటే అక్బరు కంటపడ్డాడు. పాదుషా అతన్ని ఇరాన్ నుంచి వచ్చిన ఉస్తాదు అబ్దుస్సమద్ దగ్గర పనికి పెట్టాడు. కొద్దికాలంలోనే మేటి చిత్రకారుల్లో ఒకడయ్యాడు. మహాభారతానికి పారశీక అనువాదమైన 'రజ్మ్‌నామా'లో చాలా చిత్రాల కూర్పు అతనిదే. మతి చలించి 1584లో ఆత్మహత్య చేసుకున్నాడు.

కిటికీకి అడ్డుపెట్టిన కళాఖండం

'హమ్జానామా' అనే కథల పుస్తకం కోసం అక్బరు దాదాపు 1,400 చిత్రాలు వేయించాడు. పని 1560లలో మొదలై సుమారు పదిహేనేళ్లు సాగింది. నూలు గుడ్డ మీద వేసిన ఈ బొమ్మలు రెండడుగులకు పైగా ఎత్తుంటాయి. ఒకవైపు బొమ్మ, వెనకవైపు కథ. ఇప్పుడు మిగిలినవి రెండు వందల లోపే. 1881లో లండన్‌లోని ఒక మ్యూజియం తరఫున శ్రీనగర్‌లో కొన్నిటిని కొన్నారు. అప్పటికి వాటిని అక్కడ కిటికీలకు అడ్డుగా పెట్టుకుని ఉన్నారట!

ఉడుత తోక, జీరంగి రెక్క

పలుచని కాగితాలను ఒకదాని మీద ఒకటి అంటించి, అట్టలా గట్టిపడ్డాక దాని మీద బొమ్మ వేసేవారు. కుంచెలకు ఉడుత తోక వెంట్రుకలు వాడేవారు. ఒక పూత ఆరాక బొమ్మను నున్నటి రాతి మీద బోర్లించి, వెనకనుంచి అగేట్ రాయితో రుద్దేవారు. ఆ రాపిడికే రంగు కాగితంలో ఇమిడిపోయి నిగనిగలాడుతుంది. తరవాత మళ్లీ పూత, మళ్లీ రుద్దుడు. నగల్లో ముత్యం కావాలంటే చిక్కటి తెల్లరంగు బొట్టును ఉబ్బెత్తుగా పెట్టేవారు. జమ్మూ కొండల్లోని బసోలీ చిత్రకారులైతే పచ్చల నగల కోసం, మన పల్లెల్లో పిల్లలు అగ్గిపెట్టెలో దాచుకునే జీరంగి లాంటి పురుగుల రెక్కల్నే ముక్కలుగా కత్తిరించి అంటించారు. వెలుతురులో బొమ్మను కొంచెం అటూ ఇటూ వంచితే ఆ పచ్చ మెరుస్తుంది.

రాయబారికి పరీక్ష

1616లో ఇంగ్లండు రాయబారి థామస్ రో తన దగ్గరున్న చిన్న చిత్రాన్ని జహంగీరుకు చూపించాడు. మా చిత్రకారుడు దీన్ని తేడా తెలియకుండా దించగలడన్నాడు పాదుషా. రోకు నమ్మకం కలగలేదు. కొన్నాళ్లకు ఒక రాత్రి దీపం వెలుతురులో అతని ముందు ఆరు బొమ్మలు పెట్టారు. వాటిలో ఐదు నకళ్లు. తనదేదో తేల్చుకోవడానికి తడబడ్డానని రో తన దినచర్యలో ఒప్పుకున్నాడు.

చారలు కడిగితే పోతాయా?

1621లో జహంగీరు కొలువుకు ఆఫ్రికా నుంచి ఒక జీబ్రా వచ్చింది. చారలు ఎవరో రంగుతో గీసి ఉంటారని కొందరు అనుమానించారు. పరీక్షించి చూశాక, దేవుడు వేసిన రంగేనని తేలింది. ఆ జీబ్రా బొమ్మ వేసినవాడు మన్సూర్. పక్షుల్నీ జంతువుల్నీ అచ్చుగుద్దినట్టు దించగల ఈ చిత్రకారుడికి పాదుషా 'నాదిరుల్ అస్ర్' అనే బిరుదిచ్చాడు. తరవాత భూమి మీద లేకుండా పోయిన డోడో పక్షిని బతికుండగా రంగుల్లో చూపిన అరుదైన చిత్రాల్లో ఒకటి మన్సూర్‌దేనని కళాచరిత్రకారులు భావిస్తున్నారు.

చక్రవర్తి కాళ్ల దగ్గర సంతకం

బిచిత్ర్ వేసిన ఒక చిత్రంలో జహంగీరు పెద్ద ఇసుక గడియారం మీద కూర్చుని ఒక సూఫీ గురువుకు పుస్తకం అందిస్తుంటాడు. తుర్కీ సుల్తాను, ఇంగ్లండు రాజు మొదటి జేమ్స్ తమ వంతు కోసం నిలబడి ఉంటారు. ఆ వరసలో అందరికన్నా కింద, ఎడమ మూలన పసుపు అంగీ తొడుక్కున్న నాలుగో మనిషే బిచిత్ర్! అతని చేతిలో ఇంకో చిట్టి బొమ్మ. అందులో ఒక ఏనుగు, రెండు గుర్రాలు, వంగి దండం పెడుతున్న బిచిత్రే మళ్లీ. సంతకం మాత్రం పాదుషా పాదాల కిందుండే పీట మీద పెట్టాడు. ఒకే బొమ్మలో వినయమూ ఉంది, మహారాజుల వరసలో తనకూ చోటు చేసుకున్న చొరవా ఉంది.

తుడిచేసిన రాణి

తళ్లికోట యుద్ధాన్ని, అళియ రామరాయల వధను చూపే చిత్రాలున్న పుస్తకం ఒకటి పుణేలో ఉంది. అది అహ్మద్‌నగర్ సుల్తాను హుసేన్ నిజాం షా గెలుపు కథ. అందులో రాణి ఖుంజా హుమాయూన్ భర్త పక్కనే ఉండాలి. ఆయన పోయాక పెత్తనం ఆమె చేతికొచ్చింది. 1569లో కొడుకే ఆమెను ఖైదు చేయించాడు. ఆ తరవాత చాలా బొమ్మల్లో ఆమె రూపాన్ని చెరిపేశారు. ఆ మరకలు ఇప్పటికీ కనిపిస్తాయి.

గడ్డం కత్తిరించుకుంటున్న రాజు

గులేర్‌కు చెందిన నైన్‌సుఖ్ తన ప్రభువు బల్వంత్ సింగ్‌ను సింహాసనం మీదే చూపించి ఊరుకోలేదు. గడ్డం కత్తిరించుకుంటుండగా, డేరాలో దుప్పటి కప్పుకుని ఉత్తరం రాసుకుంటుండగా కూడా వేశాడు. 1763లో ప్రభువు చనిపోతే అస్థికల వెంట హరిద్వారం వెళ్లి, అక్కడి పండా (తీర్థ పురోహితుడు) దగ్గరి వంశావళి పుస్తకంలో సొంత చేతి రాతతో పాటు ఒక బొమ్మా గీసి వచ్చాడు. కళాచరిత్రకారుడు బి.ఎన్. గోస్వామి పహాడీ చిత్రకారుల కుటుంబాల ఆచూకీ పట్టుకున్నది ఇలాంటి పండాల పుస్తకాల్లోనే.

గోల్కొండ బొమ్మలు ఆమ్‌స్టర్‌డామ్‌కు

గోల్కొండ సల్తనతు చివరి రోజుల్లో చిత్రకారులు సుల్తానుల, అమీర్ల బొమ్మల్ని సెట్లుగా వేసి ఐరోపా వర్తకులకు అమ్మేవారు. అప్పటికి కొనేవాడు రాజే కానక్కర్లేదు. అలాంటి సెట్టు ఒకటి డచ్చి ప్రముఖుడు నికొలాస్ విట్సెన్ పేరుతో ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. అంతకుముందే అదే నగరంలో రెంబ్రాంట్ మొగలు చిత్రాల్ని చూసి ఇరవైకి పైగా నకళ్లు గీసుకున్నాడు.

ఇలాంటివి చూడాలంటే అంత దూరం పోనక్కర్లేదు. కులీ కుతుబ్ షా కవితల సచిత్ర ప్రతి సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. జగదీశ్, కమలా మిత్తల్ దంపతులు సేకరించిన దక్కనీ, పహాడీ చిత్రాలూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి. వెళ్లినప్పుడు రాజు ముఖం చూసి ముందుకు సాగిపోకండి. అంచులూ మూలలూ కూడా వెతకండి.