తాజా చేప అయిన చాలునా?

శ్రీరాంపూర్‌లో గని పని ముగించి వచ్చి చేపలు కొనువారు బొచ్చె అయినచో మొప్పలెత్తి చూతురు. కొర్రమీను తొట్టెలో ఎగిరిపడిన చాలుననుకొందురు. మంచి పరీక్షయే. కాని అది కుళ్లును పట్టును, పాదరసమును పట్టజాలదు.

జపానులోని మినమాటలో 1956లో బెస్తవారి పిల్లలకు కాళ్లుచేతులు స్వాధీనము తప్పినవి. ఒక రసాయన కర్మాగారము సముద్రములోనికి వదలిన పాదరసము చేపలలో చేరినది. వారు తిన్నదియు తాజా చేపయే! తల్లులు ఆరోగ్యముగనే కనిపించినను వారి గర్భస్థ శిశువులు దెబ్బతినిరి.

బొగ్గు సీమవారు ఈ సంగతి వినవలసిన కారణమున్నది. బొగ్గులో పాదరసము లేశమాత్రముండును. బొగ్గును మండించినప్పుడు అది గాలిలో కలిసి, వానతో నీటికి దిగి, అడుగు బురదలోని సూక్ష్మజీవుల వలన మిథైల్ పాదరసముగా మారును. చిన్న చేపను పెద్ద చేప మ్రింగిన కొలది దాని మోతాదు హెచ్చును. కొర్రమీను వేటాడి తిను జాతిది. ఎంత ఉడికించినను, పులుసులో ఎంత చింతపండు పిసికినను ఆ విషము పోదు.

మన నీటి చేపలన్నియు విషమని మేమనుట లేదు. బాలింతకు చేప వంటి బలము మరి దేనిలో కలదు? అయితే గర్భవతులకు, పసివారికి పెద్ద వేటచేపలకు బదులు చిన్న పరకలు వండుట మేలు. 2017లో సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో జరిగినట్లు చేపలు చచ్చి తేలినచో, ఊరక దొరికినవని ఇంటికి తేవలదు. మత్స్యశాఖకు, కాలుష్య నియంత్రణ మండలికి వెంటనే కబురంపుడు.