పది నిమిషాల స్టేషన్

రైలు ఆగేది పది నిమిషాలే. ఆ కాస్త సమయంలోనే ఓ చిన్న ఊరు అరవై లక్షలమంది సైనికుల కడుపు నింపింది. అమెరికా నడిబొడ్డున పల్లెల్నీ పట్నాల్నీ కలిపిన ఆనాటి రైళ్ల కథలు అక్కడి పెద్దలకు ఇప్పటికీ తీపి జ్ఞాపకాలే.

1941 డిసెంబరు 17. నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్త్ ప్లాట్ స్టేషన్ జనంతో కిటకిటలాడుతోంది. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి చేసి అప్పటికి పదిరోజులు. తమ రాష్ట్రపు 'డి' కంపెనీ సైనికులు ఆ దారినే వెళ్తున్నారన్న వార్త ఊరంతా పాకింది. అంతే... కేకులూ పండ్లూ పట్టుకుని ఇంటిల్లిపాదీ స్టేషనుకి పరుగెత్తారు. రైలు రానే వచ్చింది. అందులో ఉన్నదీ 'డి' కంపెనీ కుర్రాళ్లే. కానీ నెబ్రాస్కా వాళ్లు కాదు, పక్క రాష్ట్రమైన కాన్సస్ వాళ్లు! అందరి ముఖాలూ చిన్నబోయాయి. కాసేపటికి ఒక్కొక్కరే ముందుకెళ్లి తెచ్చినవన్నీ ఆ కుర్రాళ్ల చేతుల్లో పెట్టేశారు. ఎవరి బిడ్డలైనా బిడ్డలే కదా!

మందుల దుకాణంలో పనిచేసే ఇరవయ్యారేళ్ల రే విల్సన్ కూడా ఆ గుంపులో ఉంది. తోడబుట్టినవాణ్ని చూద్దామని వచ్చిన ఆమె ఆ దృశ్యాన్ని మరచిపోలేకపోయింది. ఈ దారిన వెళ్లే ప్రతి సైనికుల రైలుకీ ఇలాగే ఎదురెళ్దామంటూ ఊరి పత్రికకు ఉత్తరం రాసింది. యూనియన్ పసిఫిక్ రైల్వే అధ్యక్షుడు విలియం జెఫర్స్ ఆ ఊళ్లో పుట్టినవాడే. స్టేషన్లోని ఫలహారశాలను వాడుకోమన్నాడు. అలా ఆ ఏడాది క్రిస్మస్ రోజున నార్త్ ప్లాట్ క్యాంటీన్ మొదలైంది.

ఆవిరి ఇంజిన్లు నీళ్లు పట్టుకోవడానికి అక్కడ ఆగక తప్పదు. ఆ పది, పదిహేను నిమిషాల్లోనే కుర్రాళ్లు దిగి, శాండ్‌విచ్‌లు తిని, వేడివేడి కాఫీ తాగి మళ్లీ రైలెక్కాలి. పుట్టినరోజు అని తెలిస్తే చాలు, చేతిలో కేకు పెట్టేవారు. చక్కెర రేషనులో దొరికే రోజుల్లో! చుట్టుపక్కల 125 ఊళ్ల మహిళలు వంతులు వేసుకుని మరీ వండి తెచ్చారు. కొందరు అమ్మాయిలు పాప్‌కార్న్ ఉండల్లో తమ పేరూ చిరునామా రాసిన కాగితాలు పెట్టేవారు. అలా మొదలైన ఉత్తరాలు కొన్ని పెళ్లిదాకా వెళ్లాయి. 1946 ఏప్రిల్ 1న క్యాంటీన్ మూతపడేలోపు అక్కడ ఆగి వెళ్లిన సైనికులు అరవై లక్షలమంది.

రైలే గడియారం

ఒహాయో నుంచి నెబ్రాస్కా, డకోటాల దాకా పరచుకున్న పన్నెండు రాష్ట్రాల్ని కలిపి మిడ్‌వెస్ట్ అంటారు. కనుచూపుమేర మొక్కజొన్న, గోధుమ చేలు. వాటి మధ్య ఊళ్లు. ఆ ఊళ్లకు లోకంతో ఉన్న బంధం రైలొక్కటే. ఆ దారులన్నీ కలిసేది చికాగోలో. అక్కడ 1848లో 'పయొనీర్' అనే చిన్న ఆవిరి ఇంజిన్‌తో రైళ్ల కథ మొదలైంది. 1865లో చికాగో పశువుల సంత తెరిచాక మేకలూ గొర్రెలూ ఆవులూ పందులూ గూడ్సు బండ్లలోనే అక్కడికి చేరేవి. ఐసుపెట్టెల బండ్లు వచ్చాక మాంసం చెడిపోకుండా దూరదేశాలకూ వెళ్లింది.

చివరికి టైము కూడా రైలు చెప్పిందే! ఒకప్పుడు ఊరికో టైము ఉండేది. దాంతో విసిగిపోయిన రైల్వే కంపెనీలు చికాగోలో సమావేశమై దేశాన్ని కాలమండలాలుగా విడగొట్టాయి. 1883 నవంబరు 18న గడియారాలన్నీ ఆ ప్రకారం సరిచేసుకున్నాయి.

ఉత్తరాల సంగతీ అంతే. 1864లో చికాగో, క్లింటన్‌ల మధ్య కదిలే తపాలా ఆఫీసు మొదలైంది. పెట్టెలో గుమస్తాలు నిలబడి ఉత్తరాల్ని ఊళ్లవారీగా సర్దేవారు. చిన్న స్టేషన్లలో రైలు ఆగేది కాదు. పట్టాల పక్క స్తంభానికి వేలాడదీసిన సంచిని పెట్టెకున్న ఇనుప కొక్కెం చటుక్కున లాక్కునేది. ఆ ఊరి సంచిని గుమస్తా బయటికి విసిరేసేవాడు. అదంతా రెప్పపాటులో అయిపోయేది. ఆ విడ్డూరం చూడ్డానికే పిల్లలు స్టేషనుకి చేరేవారు.

మిషిగన్ రాష్ట్రంలో అలాంటి రైల్లోనే పత్రికలూ మిఠాయిలూ అమ్ముకున్న ఓ కుర్రాడు సామాను పెట్టెలో సొంతంగా పత్రిక కూడా అచ్చేశాడు. ఓ స్టేషన్ మాస్టారి కొడుకుని బండి కింద పడకుండా కాపాడినందుకు ఆయన టెలిగ్రాఫు నేర్పించాడు. ఆ కుర్రాడే థామస్ ఆల్వా ఎడిసన్!

వెండి రైలు... ఎర్ర పెట్టె

ఆనాటివాళ్లు కథలు కథలుగా చెప్పుకునే రైలు 'జెఫిర్'. స్టెయిన్‌లెస్ స్టీలుతో వెండిలా మెరిసిపోయే డీజిల్ రైలు అది. 1934 మే 26 తెల్లవారుజామున డెన్వర్‌లో బయల్దేరి సాయంత్రానికల్లా చికాగో చేరిపోయింది. 1,015 మైళ్లు... 13 గంటల 5 నిమిషాలు! మామూలు రైలుకు అప్పట్లో ఒక రోజుకి పైగానే పట్టేది. దారిపొడవునా జనం పట్టాల పక్కన నిలబడి చేతులూపారు. ఆ రైలు ఇప్పుడు చికాగోలోని విజ్ఞాన, పరిశ్రమల మ్యూజియంలో ఉంది.

పిల్లలకు మాత్రం గూడ్సు బండి చివరుండే ఎర్ర పెట్టే ఇష్టం. దాని పేరు 'కబూస్'. మన గార్డు పెట్టెలాంటిదే. లోపల పొయ్యి, దానిమీద కాఫీ. ఎక్కడైనా ఇరుసు వేడెక్కి పొగ వస్తోందేమోనని పైన చిన్న అటకలాంటి చోట కూర్చుని సిబ్బంది కనిపెట్టుకుని ఉండేవారు. పిల్లలు చెయ్యి ఊపితే తిరిగి ఊపేది కూడా వాళ్లే. 1980ల్లో ఆ పనిని ఓ చిన్న యంత్రానికి అప్పగించారు. ఎర్ర పెట్టెలు మాయమయ్యాయి.

జ్ఞాపకాలన్నీ తీయనివేం కాదు. పుల్‌మన్ పడక పెట్టెల్లో పక్కలు సర్దే నల్లజాతి పోర్టర్లను చాలామంది ప్రయాణికులు సొంతపేరుతో పిలిచేవారే కాదు. కంపెనీ యజమాని జార్జ్ పుల్‌మన్ పేరు మీద అందరూ 'జార్జ్'లే! 1925లో ఎ.ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘం కట్టుకున్న ఆ పోర్టర్లు పన్నెండేళ్లు పోరాడి 1937లో కంపెనీతో ఒప్పందం చేయించుకున్నారు. చికాగోలో అచ్చయ్యే నల్లజాతీయుల పత్రిక 'డిఫెండర్'ని దక్షిణాది ఊళ్లకు మోసుకెళ్లిందీ వాళ్లే. అది చదివి, మంచి బతుకుని వెతుక్కుంటూ ఎంతోమంది చికాగో రైలెక్కారు.

ఒక్కరోజులో సగం

యుద్ధం తర్వాత రోజులు మారాయి. ఇంటింటికీ కారొచ్చింది. 1956 చట్టంతో పెద్ద రహదారులు వచ్చాయి. దూరం వెళ్లేవాళ్లు విమానం ఎక్కేశారు. 1967లో తపాలాశాఖ కూడా చాలా రైళ్ల నుంచి ఉత్తరాల్ని తప్పించింది. ఆ ఆదాయమూ పోయాక ప్రయాణికుల రైళ్లు నడపడం కంపెనీలకు భారమైంది. 1971 మే 1న ఆ బాధ్యతను ఆమ్‌ట్రాక్ తీసుకుంది. అదే రోజు దేశంలోని ప్రయాణికుల రైళ్లలో దాదాపు సగం ఆగిపోయాయి. నార్త్ ప్లాట్‌కి వచ్చే రైలూ వాటిలో ఉంది. రెండేళ్లకు, 1973లో, ఆ స్టేషన్ భవనాన్నీ కూల్చేశారు.

అలాగని ఆ ఊళ్లో రైళ్ల సందడి తగ్గిందనుకుంటే పొరపాటే. ప్రపంచంలోకెల్లా పెద్ద గూడ్సు యార్డు ఉన్నది అక్కడే! పేరు బెయిలీ యార్డు. పొడవు ఎనిమిది మైళ్లు. పెట్టెల్ని చిన్న మిట్ట మీదికి నెట్టి వదిలేస్తే అవే దొర్లుకుంటూ వెళ్లి తమ వరసలో చేరిపోతాయి. చూడాలనుకునేవారి కోసం 2008లో ఎనిమిది అంతస్తుల టవరు కట్టారు. అమెరికా గూడ్సు రవాణాలో సుమారు నాలుగో వంతు ఇప్పటికీ చికాగో మీదుగానే సాగుతోంది. రైళ్లున్నాయి. కానీ ఊరికొచ్చి ఆగి, కిటికీలోంచి పలకరించే రైలే లేదు.

అందుకే 1940ల నాటి రాక్షస ఆవిరి ఇంజిన్ 'బిగ్ బాయ్'ని బాగుచేసి 2019లో ఆ దారుల్లో తిప్పినప్పుడు, మనవల్ని చంకనెత్తుకుని తాతయ్యలు పట్టాల పక్కన బారులు తీరారు.

నార్త్ ప్లాట్ మాత్రం అంతకు ఏడాది ముందే తన పాత అలవాటుని గుర్తుచేసుకుంది. 2018 జూన్‌లో శిక్షణ ముగించుకుని ఇళ్లకు వెళ్తున్న సుమారు 700 మంది ఆర్కాన్సా సైనికులు ఆ దారిన వస్తున్నారని తెలిసింది. మళ్లీ ఊరంతా కదిలింది. వంటలు వండారు, బల్లలు వేశారు, జెండాలు పట్టుకుని ఎదురెళ్లారు.

ఈసారి ఆ కుర్రాళ్లు వచ్చింది రైల్లో కాదు, బస్సుల్లో. ఆ ఊరు అదేం పట్టించుకోలేదు!